ఆదివారం ఎవరికి సెలవు?

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం, భిలాయి ఖుర్సీపార్‌లో ఓ ఇంటి వరండా. మేనమామ ఉక్కు ప్లాంటు కోక్ ఓవెన్స్‌లో చేసి రిటైరైన మనిషి. శ్రీకాకుళం జిల్లాలో పుట్టి, చిన్నప్పుడే తండ్రి వెంట ఇక్కడికి వచ్చాడు. మేనకోడలు సెక్టార్ 9 ఆసుపత్రిలో పుట్టింది, పాటన్ వైపు ఓ పల్లె బడిలో సోషల్ పాఠాలు చెబుతుంది. ఈసారి భోగి వారం మధ్యలో పడింది. భోగిమంట, పిల్లలకి భోగిపళ్ళు, ముగ్గుల పోటీ, భోజనాలు అన్నీ కలిపి తరవాత వచ్చే ఆదివారం పెట్టేద్దామని వాడ పెద్దలు తీర్మానించారు. ఆ పెద్దల్లో మేనమామ కూడా ఉన్నాడు.

కోడలు: కనుమ, ముక్కనుమ కూడా వెళ్ళిపోయాక భోగి ఏంటి మావయ్యా? పెళ్ళయ్యాక నిశ్చితార్థం చేసినట్టుంది.

మావయ్య: నవ్వు, నవ్వు. పనిరోజు పొద్దున్న అయిదింటికి మంట వేస్తే ఎవరొస్తారే? పిల్లలకి బడి, కుర్రాళ్ళకి డ్యూటీ, ఆడవాళ్ళకి క్యారేజీలు కట్టే హడావుడి. పోయినసారి మంట దగ్గర నేనూ, మీ అత్తా, పక్కింటి ముసలాయనా మిగిలాం. జనం లేని పండగ ఏటి పండగ?

కోడలు: జనం రాలేదని రోజు మార్చేస్తామా? సంక్రాంతి మనం పెట్టుకున్న రోజు కాదుగా, సూర్యుడు మకర రాశిలోకి వెళ్ళే రోజు. మిగతా పండగలన్నీ చంద్రుణ్ణి బట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతాయి, అధికమాసం వస్తే మళ్ళీ ముందుకొస్తాయి. ఇది ఒక్కటే జనవరి 14, 15 దాటి కదలదు. దాన్ని కదిలించడానికి మీ మీటింగు చాలిందా?

మావయ్య: ఒక్కటే అనకు. విశ్వకర్మ పూజ కూడా సూర్యుడి లెక్కే, కన్యా సంక్రమణం. అందుకే సెప్టెంబరు 17. ఆ రోజు షాపులో ప్రతి యంత్రానికీ బంతిపూల దండ, స్పానర్లకి కుంకుమ బొట్టు, చేతుల్లో బూందీ ప్రసాదం. అయినా బ్యాటరీ, అంటే కోక్ ఓవెన్ల వరస, ఆగేది కాదు. కోక్ ఓవెన్ గోడలు సిలికా ఇటుకతో కడతారు. ఒకసారి వేడెక్కాక చల్లారనిచ్చామా, ఇటుక పగిలిపోద్ది, బ్యాటరీ మూలపడ్డట్టే. అందుకని అది ముసలిదై పడగొట్టేదాకా మండుతూనే ఉంటాది. దసరా లేదు, దీపావళి లేదు. ఒకడు దండం పెట్టుకుంటంటే ఇంకొకడు బొగ్గు నింపుతుంటాడు. తిథంటే మాకు లోకువేటి? అందలేదంతే.

కోడలు: అందకపోయినా పండగలు చేశారుగా!

మావయ్య: ఎలా చేశామో విను. 1955లో ఈ ఉక్కు ప్లాంటు కోసం రష్యావాళ్ళతో ఒప్పందం అయింది. 1959 ఫిబ్రవరి 4న రాజేంద్రప్రసాద్ గారొచ్చి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ ప్రారంభించారు. ఆ నాలుగేళ్ళలో పునాదులు తవ్వడానికీ, కాంక్రీటు మొయ్యడానికీ మనవాళ్ళు దిగారు. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయపూర్ దాకా 1931 నాటికే రైలు దారి పడింది కదా, ఆ బండే మనల్ని ఇక్కడ దింపింది. మా నాన్న కాలంలో సంక్రాంతికి ఊరెళ్ళినవాడు తిరిగొచ్చేసరికి ఆ పని ఇంకొకడికి పోయేది. మేం పర్మనెంటయ్యాక ఎ, బి, సి షిఫ్టులు. కనుమ నాడు కాకైనా కదలదంటారు. మేం కదిలేవాళ్ళం. మీ అత్త తెల్లారకుండా మినపగారెలు, కోడికూర చేసి పెడితే పదకొండింటికే తినేసి, సైకిలెక్కి బి షిఫ్టుకి పోయేవాణ్ణి. ఓ ఏడాది సి షిఫ్టు పడింది. ఆరింటికి దిగి, తలంటుకుని, ఆ నిద్రకళ్ళతోనే భోగి. డ్యూటీ ముందు, పండగ వెనక. మాకు తెలిసింది అదే.

కోడలు: నీ కష్టం కాదన్ను మావయ్యా. కాని డ్యూటీకి లొంగింది నువ్వు, పండగ లొంగలేదు. భోగి దాని రోజున అది ఉంది, నువ్వు నిద్రకళ్ళతో దాని దగ్గరికి పరిగెత్తావు. ఇప్పుడు మీరు దాన్నే లాక్కొచ్చి ఆదివారానికి కట్టేస్తున్నారు.

మావయ్య: పంట లేనిచోట తేదీ దేనికే? ఊళ్ళో అంటే నూర్పులు అయిపోయి, గాదె నిండి, పాలేరుకి కొత్తబట్టలు పెట్టి, అప్పుడు అరిసెల పాకం. మనింటికి ఏమొచ్చింది? జీతం. అది నెలనెలా వస్తాది.

కోడలు: మా బడికి వెళ్ళే దారిలో ఒకసారి చూడు. దీపావళి ముందు నుంచీ కోతలు, ఆ వెనకే నూర్పులు. జనవరి నెలాఖరు దాకా సొసైటీల ముందు ధాన్యం ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. శ్రీకాకుళంలోనూ వానాకాలపు వరే, ఇక్కడా అదే. సంక్రాంతికి కాస్త ముందో వెనకో, పుష్య పున్నమికి, ఈ ఊళ్ళవాళ్ళకి ఛేర్‌ఛేరా వస్తుంది. పిల్లలు సంచులు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు, దోసెడు ధాన్యం పెట్టకుండా ఎవరూ పంపరు. భోగిపళ్ళకి రేగుపళ్ళు ఊరి నుంచి తెప్పిస్తున్నామా? ఇక్కడి చెట్లవే కదా! మనకి గాదె లేకపోవచ్చు, మన చుట్టూ ఉన్న నేలకి మాత్రం ఇది సంక్రాంతి కాలమే.

మావయ్య: ఆ నేల మనది కాదే. ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేయించింది వాళ్ళని. మనం ఆ తరవాత వచ్చి గుడిసె వేసుకున్నోళ్ళం.

కోడలు: అందుకే మరీ తెలుసుకోవాలి. హరేలీ చూశావా ఎప్పుడైనా?

మావయ్య: పిల్లలు వెదురు గేడీలెక్కి బురదలో తిరగడం చూశాను. మన మరుగాళ్ళే కదా అవి?

కోడలు: గేడీలు చివర్లో. పొద్దున్న సంగతి విను. అది మన చుక్కల అమావాస్య రోజే, ఆషాఢ బహుళ అమావాస్య. వీళ్ళు శ్రావణ అమావాస్య అంటారు. ఉత్తరాది లెక్కలో నెల పున్నమితో ముగుస్తుంది, మన లెక్కలో అమావాస్యతో. అందుకని శుక్లపక్షంలో నెల పేర్లు కలుస్తాయి, బహుళపక్షంలో ఒక నెల తేడా వస్తుంది. చంద్రుడు మాత్రం ఒక్కడే. హరేలీ తరవాత నెలకి వీళ్ళు మట్టి ఎడ్లు చేసి ఆడుకునే పోలా వస్తుంది, అదే రోజు మనవాళ్ళు కందమొక్క పెట్టి పోలాల అమావాస్య నోము నోస్తారు. హరేలీకి నాగలి, పార, గునపం, కొడవలి అన్నీ కడిగి, వాకిట్లో ఎర్ర మొరం పరిచి దాని మీద వరసగా పెడతారు. బియ్యప్పిండిలో బెల్లం కలిపి పెనం మీద పోసిన చీలా నైవేద్యం. పశువులు కాసే రావుత్ వచ్చి గుమ్మానికి వేపమండ గుచ్చుతాడు. కమ్మరి లోహార్ వచ్చి ద్వారబంధానికి ఇనుప మేకు కొడతాడు. పోయినేడు మా బడి పక్క ఇంటివాళ్ళు పిలిస్తే వెళ్ళి చూశాను. ఏటా కొట్టిన మేకులు బంధం పొడుగునా ఉన్నాయి. పాతవి తుప్పుపట్టి కొయ్యలో కలిసిపోయాయి, ఆ పొద్దు కొట్టింది ఒక్కటే మెరుస్తోంది. నీ ఫర్నేస్ రాకముందు నుంచీ ఈ నేల మీద ఇనుముకి ఉన్న పండగ అది. పనిముట్టుకి సెలవిచ్చి దండం పెట్టే పండగ. అది ఆ రోజునే ఎందుకంటే, విత్తనాలు పడి దుక్కి పని కాస్త తెరిపిచ్చేది అప్పుడే. ఆదివారం కాదు.

మావయ్య: బాగుంది. కాని ఆ రోజు నీకు బడి లేదు. 2019లో రాష్ట్ర ప్రభుత్వం హరేలీకి, తీజాకి సెలవులిచ్చింది కాబట్టి నింపాదిగా మేకులు చూసొచ్చావు. ఆ జీవో ఫర్నేస్‌కి అందదు. ఆ మేకు కొట్టించుకున్న ఇంటి కుర్రాడు అదే పొద్దున్న కాంట్రాక్టరు బండెక్కి పనికొచ్చి ఉంటాడు. సెలవున్నవాళ్ళే తిథి గురించి మాట్లాడతారు తల్లీ.

కోడలు: మహానగరంలో ఉండి, సేద్యం ఎప్పుడో వదిలేసి, అయినా కాలాన్ని పట్టుకుని ఉన్నవాళ్ళ సంగతి చెప్తా. ఘానా దేశం రాజధాని ఆక్రా. అక్కడ ఎన్నో తరాలుగా ఉన్నవాళ్ళు గా అనే జాతి. వాళ్ళ పెద్ద పండగ హోమోవో. ఎప్పుడో కరువొచ్చి, ఆ తరవాత పంట పండితే ఆకలిని గేలి చేశారట, దాని పేరున. మే నెలలో పూజారులు విత్తనం వేస్తారు. అక్కణ్ణుంచి నెల రోజులు ఊళ్ళో డప్పు మోగకూడదు. అక్కడ వేరే జాతులవాళ్ళున్నారు, చర్చీలున్నాయి, మసీదులున్నాయి. 1990ల చివర్లో చర్చీలవాళ్ళకీ వీళ్ళకీ ఈ డప్పుల మీదే కొట్లాటలయ్యాయి. అయినా మాట్లాడుకుని, సర్దుకుని, ఆ నెల ఇప్పటికీ పాటిస్తున్నారు. ఆఫీసులో కూర్చునేవాడికి మొలకతో పనేంటని ఎవరూ అనలేదు.

మావయ్య: పండగ రోజున ఏటి చేస్తారు?

కోడలు: ఆగస్టులో వస్తుంది. మొక్కజొన్న పిండి ఆవిరి మీద వండుతారు. దాన్ని జాతి పెద్దలు వీధివీధికీ తిరిగి చల్లుతారు, పోయిన పెద్దలకి. ఆక్రా పాతపేటలో అది శనివారం. రెండు రోజుల ముందు, గురువారం, పల్లెల్లో ఉండేవాళ్ళు పంట మోసుకుని లారీల మీద ఊళ్ళోకి దిగుతారు. వాళ్ళని గురువారం వాళ్ళనే పిలుస్తారు.

మావయ్య: అదిగో! నువ్వు డప్పుల కోసం చెప్పావు, నాకు లారీలు వినిపించాయి. జనం దిగితేనే అక్కడా పండగ. పైగా శనివారం!

కోడలు: శనివారం ఆఫీసుల కోసం పెట్టింది కాదు, విత్తనం వేసిన దగ్గర్నుంచి లెక్క కట్టి పెట్టింది. ఆ జనం తేదీ దగ్గరికి వచ్చారు మావయ్యా. అంతదూరం ఎందుకు, మన విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను విజయదశమి తరవాత మంగళవారమే. ఆదివారానికి మార్చమని ఎవరైనా అడిగారా? మన వీధిలోంచే సెలవు పెట్టి మరీ వెళ్తారు. 2024 సెప్టెంబరు నుంచి దుర్గ్‌లో పొద్దున్న వందే భారత్ ఎక్కితే మధ్యాహ్నానికి విజయనగరం.

మావయ్య: ఎక్కేది టిక్కెట్టు కొనగలిగినవాళ్ళు. మిగిలినోళ్ళకి ఇక్కడే ఏదో ఒకటి ఉండాలని కదా మా తాపత్రయం! అందరికీ కుదిరేది ఆదివారమే.

కోడలు: ఆదివారం ఎవరికి సెలవు? నీ సర్వీసంతా వీక్లీ ఆఫ్ ఆదివారమే పడిందా?

మావయ్య: లేదనుకో. రొటేషన్‌లో ఏ రోజైనా పడేది.

కోడలు: మరి? ఆదివారం సెలవు జనరల్ షిఫ్టుకి, ఆఫీసులకి, బ్యాంకుకి, నాలాంటి పంతులమ్మలకి. నీ పాత బ్యాటరీ మీద ఇవాళ నిలబడ్డ కుర్రాడికి కాదు. సెలవున్నవాళ్ళే తిథి గురించి మాట్లాడతారన్నావు. ఆదివారం గురించి మాట్లాడేదీ వాళ్ళే. మీ మీటింగులో షిఫ్టు డ్యూటీ వాళ్ళెంతమంది?

మావయ్య: అందరం రిటైరైనవాళ్ళమే. ఇద్దరు కొట్ల వాళ్ళు.

కోడలు: నీకు భోగి నాడు ఇంట్లో ఉండే భాగ్యం అసలు దొరకలేదా?

మావయ్య: ఎందుకు దొరకలేదు, చాలాసార్లే దొరికింది. నాతో ఒక ఒడియా ఆయన ఉండేవాడు. రథయాత్ర నాడు ఆయన సెక్టార్ 4 జగన్నాథుడి గుడికి పోవాలి, ఆ డ్యూటీ నేను చేసేవాణ్ణి. దానికి బదులు భోగి నాడు నా డ్యూటీ ఆయన చేసేవాడు. బెంగాలీ ఆయనకి అష్టమి కావాలి, సెక్టార్ 6 కాలీబాడీలో అంజలి ఇవ్వాలి. బీహారీకి కార్తీక షష్ఠి, సెక్టార్ 2 చెరువులో సాయంత్రం అర్ఘ్యం, మర్నాడు పొద్దున్న ఇంకోటి, అంటే రెండు డ్యూటీలు. మలయాళీకి ఓణం, సర్దార్జీకి వైశాఖి. ఫోర్‌మన్‌కి చెప్పి పేర్లు మార్చుకునేవాళ్ళం. ఎవరి బాకీ ఎవరికుందో కాగితమ్ముక్క లేకుండా గుర్తుండేది. ఏడాది తిరిగేసరికి అందరి పండగా అయ్యేది, బ్యాటరీ ఒక్క పూట ఆగేది కాదు.

కోడలు: దసరాకి?

మావయ్య: దసరా, దీపావళికి చచ్చేవాళ్ళం. అందరికీ ఒకే రోజు కదా, డ్యూటీ తీసుకునేవాడు దొరికేవాడు కాదు. ఎవరిళ్ళల్లో చూసినా తగువులే.

కోడలు: నా వాదం నువ్వే చెప్పేశావు. ఒక్కో భాషవాళ్ళ పండగ ఒక్కో రోజున పడింది కాబట్టి ఒకరి పని ఒకరు ఎత్తుకున్నారు. ఒడియా ఆయన తన రథయాత్రని ఆదివారానికి, నువ్వు నీ భోగిని ఆదివారానికి, బెంగాలీ తన అష్టమిని ఆదివారానికి జరుపుకుంటూ పోతే ఫర్నేస్ దగ్గర ఎవరు మిగులుతారు? ఏడాదంతా దసరా తగువే. తిథి లొంగకుండా ఉండబట్టే షిఫ్టువాడికి పండగ దక్కింది.

మావయ్య: అలా ఆలోచించలేదు సుమీ. కాని నువ్వు కూడా ఒకటి వదిలేశావు. మేం మార్చుకున్నామంటే ఇద్దరం పర్మనెంటు కాబట్టి. ఇప్పుడు ఆ పర్మనెంటోళ్ళు బాగా తగ్గిపోయారు. కాంట్రాక్టు కుర్రాడు ఎవడితో మార్చుకుంటాడు? ఒక పూట రాకపోతే ఆ పూట కూలి పోద్ది, రెండు పూటలైతే గేట్ పాసు మీద అనుమానం. నీ తిథి వాడికి అందదు, నా ఆదివారమూ అందదు. వాడి కోసం ఏటి చెప్తావు?

కోడలు: వాడి కోసమైతే రోజు కంటే గంటలు చూడాలి. ఎ షిఫ్టు ఆరింటికి ఎక్కుతుంది, సి షిఫ్టు ఆరింటికి దిగుతుంది. మంట నాలుగున్నరకి వేసి ఏడున్నర దాకా ఆరనివ్వకుండా ఉంచండి. ఎక్కేవాడు ముందొచ్చి ఒక దుంగ వేసి పోతాడు, దిగేవాడు వెనకొచ్చి వేస్తాడు. మీరు అయిదింటికి వేసి, ఫొటో తీసుకుని, అయిదున్నరకి నీళ్ళు చల్లేస్తున్నారు. అందుకే ముగ్గురు మిగిలారు.

మావయ్య: మూడు గంటల మంటకి కట్టెలు కావాలే.

కోడలు: షామియానా అద్దె తగ్గించుకోండి.

మావయ్య: మరి ముగ్గులు, భోజనాలు? వాటికి కూడా పంచాంగం తీస్తావా?

కోడలు: తియ్యను. మంట, భోగిపళ్ళు, పెద్దలకి పెట్టుకునేది వాటి రోజున ఉండాలి. అవి సూర్యుడితో, పంటతో, పోయినవాళ్ళతో ముడిపడ్డవి. ముగ్గుల పోటీ, సహపంక్తి భోజనం ఆదివారం పెట్టుకో. అవి మనిషికీ మనిషికీ మధ్యవి, మనుషులు కుదిరినప్పుడు చేసుకోవచ్చు. అందులో నువ్వే గెలిచావు పో. కాకపోతే ఒకటి కలపాలి. స్టేజీ మీద మన పిల్లల చేత ఛేర్‌ఛేరా కూడా వేయిద్దాం. ఈ నేల పండగ మనం కూడా చేసినట్టుంటుంది.

మావయ్య: అది మాత్రం నేనొప్పను. ఇంతసేపూ తిథి, కాలం అని నన్ను ఉతికి ఆరేశావు. పుష్య పున్నమి నాటి పండగని ఆదివారం రాత్రి మైకు ముందు ఆడిస్తావా? మన భోగికైతే నియమం, వాళ్ళ పండగకైతే పక్క వాయిద్యమా? పైగా అది పుచ్చుకునే పండగ కాదేటి? ఇచ్చేవాడు ఇంట్లో ఉండాలి, అడిగేవాడు గుమ్మంలోకి రావాలి. మన పిల్లలు ఉత్తుత్తి సంచులు పట్టుకుని స్టేజీ మీద గెంతితే ఏ ఇంటి ధాన్యం ఎవరికి పోయింది?

కోడలు: అంటే దూరంగా ఉందామంటావా? 70 ఏళ్ళయింది మనవాళ్ళు వచ్చి. ఇంకా చుట్టాల్లా ఉంటామా?

మావయ్య: చుట్టరికం అంత తేలికేటి? నేను ఒడియా ఆయన రథం ఏనాడూ లాగలేదు. ఆయన నా భోగిమంట చూడలేదు. ఆ రోజు ఆయన నా చోట నిలబడి ఉన్నాడు, ఎలా చూస్తాడు? అయినా ఒకరి పండగ ఒకరం చేసినట్టే. పండగ పంచుకోవడమంటే నాకు అదే తెలుసు. పున్నమి నాడు పిల్లలు మన వీధికి వస్తే ప్రతి ఇంట్లో ధాన్యమో బియ్యమో సిద్ధంగా ఉంచుదాం. తలుపు వేసుకుని టీవీ చూడ్డం మానేద్దాం. నువ్వు నీ బడి పక్క ఇంటికి చీలా తినడానికి వెళ్ళావు చూడు, అది సరైన పద్ధతి. వాళ్ళు పిలిచారు, వెళ్ళావు. స్టేజీకి ఎక్కిస్తే మన గొప్పే అవుద్ది, వాళ్ళ పండగ అవదు.

కోడలు: సరే, స్టేజీ మీద వద్దు. కాని బియ్యం పెట్టి పంపేస్తే సరిపోదు మావయ్యా. నువ్వన్న చుట్టరికం డ్యూటీ మార్చుకోవడంలో ఉంది. నీ జాబితాలో ఒడియా, బెంగాలీ, బీహారీ, మలయాళీ, సర్దార్జీ ఉన్నారు. ఛత్తీస్‌గఢీ మనిషి ఒక్కడూ లేడు. నీతో పనిచేసినవాళ్ళలో లేకనా?

మావయ్య: ఉన్నారు. బోలెడుమంది. వాళ్ళు అడిగేవాళ్ళు కాదు. ఊరు పక్కనే కదా, డ్యూటీ దిగి పోతారులే అనుకునేవాళ్ళం. తీజాకి ఆడపడుచుని పుట్టింటికి తీసుకురావాలని ఒకాయన ఒకసారి అడిగితే, అదేం పండగని నవ్వారు కూడా.

కోడలు: మరి నోటీసులో ఏం రాయాలో తేలిందిగా?

మావయ్య: రాసుకో. భోగిమంట భోగి నాడే, నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా. భోజనాలు, ముగ్గులు ఆదివారం. కింద గీత గీసి, ఛేర్‌ఛేరా పున్నమి, హరేలీ, తీజా మూడు తేదీలూ వెయ్యి. ఆ మూడు రోజులూ తోటి ఛత్తీస్‌గఢీ వాళ్ళ డ్యూటీ తీసుకుంటామనే మనవాళ్ళు పేర్లు రాయాలి. పేర్లు పడ్డాకే కట్టెలకి డబ్బు ఇస్తానని నా మాటగా చెప్పు.